ముందుగాల నేనే జారుత

మా పెద్దమ్మ పోయిందని తమ్ముడు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను వెంటనే నమ్మలేదు. "ఎవలు చెప్పిండ్రు? నువ్వు కండ్లార చూసినవా?" అని అడిగాను. నల్లగొండ దవాఖానలో ఆమె మంచం పక్కనే నిలబడి ఏడుస్తున్నవాడిని అలా అడగడం అన్యాయమే. కానీ ఆ ప్రశ్న నాది కాదు, ఆమెదే. ఆమె చేతుల్లో పెరిగినవాళ్లకు ఏ మాటా ఒక్కసారికి నమ్మబుద్ధి కాదు.

ఆమె మా అమ్మకు అక్క. గొర్లు కాసి బతికిన మనిషి. చలి పడితే వచ్చే ఆయాసమే ఈసారి ఆమెను తీసుకుపోయింది. ఊరంతా ఆమెను అనుమానపు పక్షి అనేది, అదీ ఎదురుగానే. ఆమె ఏమీ అనుకునేది కాదు. తలుపుకు గొళ్లెం పెట్టి, సగం తోవ నడిచి, వెనక్కి పోయి మళ్లీ లాగి చూసేది. నా పెళ్లిలో పెళ్లికొడుకు చెప్పులు తిప్పి అడుగు చూసింది. "ఒక్క దిక్కే అరిగినయ్. వంకర నడక పిలగాడు, జర చూసుకో బిడ్డా" అంది. మా ఆయన నడక ఇప్పటికీ బాగానే ఉంది. తన అనుమానాలన్నీ నిజం కావాలని ఆమె కూడా పట్టుబట్టలేదు.

మీకు మా జారుడుబండ సంగతి చెప్పాలి. హాలియా వైపు మాదొక ఊరు. ఊరి వెనక గుట్ట, గుట్టకు ఒక పక్క నున్నగా, వాలుగా పెద్ద బండ. ఎండాకాలం దాని మీద కాలు పెట్టలేం. వరికోతలు అయిపోయి, మంచు కురిసి బండ చెమర్చిందంటే మాత్రం, ఖాళీ యూరియా సంచి మీద కూర్చున్న మనిషి రయ్యిన కిందికి పోతాడు. దెబ్బ తగలకుండా బండ కింద ఇంటికో మోపు వరిగడ్డి తెచ్చి పరవాలి. అది మా ఊరి కట్టుబాటు. చలి తగ్గేదాకా పొద్దున్నే ఊరంతా అక్కడే ఉంటుంది. ఒకరు చాయ్ పెడతారు, ఒకరు చలిమంట వేస్తారు. ఏడాదంతా మొహాలు చూసుకోని అన్నదమ్ములు కూడా ఆ మంట దగ్గర పక్కపక్కన నిలబడతారు.

పెద్దమ్మకు మాత్రం అది పోలీసు విచారణ. ముందు బండ మీద అరచెయ్యి ఆనించి పాచి ఉందేమో చూసేది. తర్వాత గొర్లకట్టెతో గడ్డిని పొడిచేది. రాయి ఉంటుందేమో, తుమ్మముల్లు ఉంటుందేమో, చలికి పాము దూరి ఉంటుందేమో. "గీ మోపు ఎవలిదే? పైన మంచిగనే ఉన్నది, నడుమ ఏం వెట్టిండ్రు?" అని అడిగితే, మోపు తెచ్చినవాడికి తల తీసేసినట్టయ్యేది.

అంతా వెతికాక కూడా పిల్లలను వదిలేది కాదు. చీర గోచి పెట్టుకుని తనే సంచి మీద కూర్చునేది. "బండను నమ్మ. గడ్డిని నమ్మ. మిమ్ముల అసలే నమ్మ. ముందుగాల నేనే జారుత" అని జర్రున పోయి గడ్డిలో పడి, లేచి, నడుము తడుముకుని, "ఊఁ, రాండ్రి" అనేది. అప్పుడు పిల్లల వంతు. వయసు మీద పడ్డాక వద్దని బతిమాలితే, "నా బొక్కలు ఇరిగితే ఇరగనీ, ముసల్దాన్ని" అనేది. చిన్నప్పుడు ఆ మాటకు నవ్వేవాళ్లం.

కోత మిషన్లు వచ్చాక మా ఊళ్లో ఒకాయన గడ్డిని గుండ్రంగా చుట్టే మిషన్ కొన్నాడు. ఒక చలికాలం ట్రాక్టర్ నిండా గడ్డి చుట్టలు తెచ్చి బండ కింద దింపి, "ఇగ ఎవలూ మోపులు మొయ్యకుండ్రి. గిది నా తరఫున" అన్నాడు. ఊరు సంబరపడింది. పెద్దమ్మ ఆ చుట్టల చుట్టూ తిరిగింది.

"ఊకెనే ఎందుకిస్తున్నవ్ కొడుకా? సర్పంచుకు నిలవడుతున్నవా?"

అందరి ముందే అడిగేసరికి ఆయన మొహం మాడిపోయింది. ఆమె గుట్టెక్కి, ఎప్పటిలాగే ముందు జారింది. పైన పరిచిన గడ్డి మాటున, తాళ్లు తెంపకుండా వదిలేసిన చుట్ట ఒకటి గోడలా నిలబడి ఉంది. దానికి తగిలి ఆమె కాలు విరిగింది. మూలుగుతూనే, "తాళ్లు తెంపుండ్రి. ఇగ నుంచి ఎవలింటి మోపు వాళ్లే తేవాలె" అంది.

ఆయన విషయంలో ఆమె అనుమానం తప్పే. ఆయన సర్పంచుకు నిలబడలేదు, నిజంగా పిల్లల కోసమే ఇచ్చాడు. కానీ ఆమె అందరినీ అనుమానించే మనిషి కాకపోతే, ఆ చుట్టకు ముందు తగిలేది ఎవరో ఒక పసివాడి తల. కాలు అతికాక ఆమె మళ్లీ జారింది. ఆయన మాత్రం ఆమెతో మాట మానేశాడు. మొన్న ఆమె దినాలకు వచ్చి కూడా దూరంగానే నిలబడ్డాడు.

దినాలు అయిన మర్నాడు పొద్దున అందరూ మోపులు తెచ్చి పరిచారు. పిల్లలు సంచులు పట్టుకుని గుట్ట మీద తయారుగా ఉన్నారు. వాళ్లలో నా కూతురు కూడా ఉంది. జారమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అక్కడున్న ఏ మోపునూ నేను నమ్మలేదు, మాదాన్ని కూడా.

మిషనాయన లుంగీ ఎగగట్టి ఒక పిల్ల చేతిలోని సంచి తీసుకున్నాడు. "ఆమె ఉంటె నన్ను జారనియ్యకపోతుండె" అని కూర్చున్నాడు. కింద మంచు దట్టంగా ఉంది. ఆయన అందులోకి పోయి కనబడకుండా అయ్యాడు. కాసేపటికి కింది నుంచి ఆయన గొంతు కోపంగా వచ్చింది.

"ఆగుండ్రి! ఎవలూ జారకుండ్రి! ఏందో గుచ్చుకున్నది. ఎవల మోపే గిది?"

పెద్దవాళ్లమంతా గుట్ట దిగి, గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, ఒకరి మోపులో ఒకరం చేతులు పెట్టి వెతకడం మొదలుపెట్టాం. మా మోపులో ఆయన చెయ్యి, ఆయన మోపులో నా చెయ్యి. పైనుంచి పిల్లలు "అయ్యిందా? అయ్యిందా?" అని ఒకటే అరుస్తున్నారు. మేమింకా వెతుకుతూనే ఉన్నాం.