రానివాళ్ళ పేర్లు

కొత్త హాజరుపట్టీ తెరిస్తే జిగురూ అట్టా కలిసిన వాసనొకటి వస్తుంది. మొన్న గురువారం తెనాలిలో చర్చి వెనక హాల్లో కూర్చుని కొత్తపట్టీలో పేర్లు రాస్తుంటే ఆ వాసనకు ఎస్తేరు టీచరుగారు నా వెనక నిలబడి, "గీత వంకర పోతోందమ్మా, స్కేలు పెట్టుకో" అన్నట్టే అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఇంత వయసొచ్చాక ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆవిడను మీరెవరూ ఎరగరు. మిషన్ స్కూల్లో చిన్నపిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యారు. తన అక్కకు మతిమరుపు జబ్బు వచ్చి, ఇంటివాళ్ళు బయటికి తేవడానికి సిగ్గుపడితే, చివరికి ఆమె ఒక గదిలోనే పోయిందట. ఆ కడుపుమంటతో పాస్టరుగారి వెంటపడి వారానికి ఒక పూట ఈ హాలు అడిగి తీసుకున్నారు. ఆ జబ్బు ఉన్న పెద్దవాళ్ళు పదిమంది దాకా వచ్చేవారు. చిక్కుడుకాయలు వలిచేవారు, కనకాంబరాలు మాల కట్టేవారు, పాటలు పాడేవారు. నిజాంపట్నంలో పడవ నడిపిన అంకయ్యగారు కొడుకుల పేర్లు మరిచిపోయినా వల అల్లేటప్పుడు ముడి మాత్రం తప్పేవారు కాదు. వీటన్నిటికంటే ముందు టీచరుగారు కళ్ళజోడు సర్దుకుని హాజరు పిలిచేవారు. తిన్నామో లేదో గుర్తులేని మనుషులు కూడా తమ పేరు వినగానే నడుం నిటారు చేసి "ప్రెజెంట్ టీచర్" అనేవారు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

మా అమ్మను అక్కడికి మొదట తీసుకువెళ్ళింది మా నాన్న. ఆయన రేపల్లె కాలవ మీద లస్కరుగా చేశారు. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. అమ్మ పక్కనే కూర్చునేవారు కాబట్టి టీచరుగారు పట్టీలో ఆయన పేరు కూడా రాశారు. "నాకేం జబ్బు లేదండి" అని నాన్న మొహమాటపడితే, "జబ్బుకి కాదండి, మనిషికి రాశాను పేరు" అన్నారట. మూడు నెలలు ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఒక ఉదయం నాన్న పాలు తేవడానికి లేచి, మంచం దిగకుండానే పోయారు.

అమ్మ శవం పక్కన కూర్చుని ఏడ్చింది. మర్నాడు లేచి, "ఆయనకు కాఫీ ఇచ్చావా?" అంది. నేను జాకెట్లు కుట్టుకుని బతికే మనిషిని, కొలత తప్పితే ఒప్పుకుంటాను గానీ అబద్ధం ఆడలేను. ఆ పట్టుదల గొప్పదనుకునేదాన్ని. అందుకే "నాన్న పోయారమ్మా" అన్నాను. అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుంది. గంటకు మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. రోజుకు నాలుగైదుసార్లు నా చేతులతో నేనే ఆవిడను కొత్తగా విధవను చేశాను.

పెద్దకర్మ అయ్యాక గురువారం అమ్మను హాలుకు తీసుకువెళ్ళాను. టీచరుగారు అమ్మ పేరు పిలిచారు. తరువాత ఏమీ జరగనట్టు మా నాన్న పేరు కూడా, "వెంకటరత్నంగారు" అని పిలిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతలో పక్క నుంచి, పెళ్ళయినప్పటి నుంచీ మొగుడి పేరు నోటితో పలకని మా అమ్మ, నెమ్మదిగా లేచింది.

"రాలేదండి. లాకుల దగ్గరికి వెళ్ళారు."

టీచరుగారు తలూపి గడిలో, రానివాళ్ళకు పెట్టే చుక్క పెట్టారు. అమ్మ కూర్చుని చిక్కుడుకాయలు దగ్గరికి లాక్కుంది. సాయంత్రందాకా మళ్ళీ అడగలేదు. అయినా నేను ఊరుకోలేదు. అందరూ వెళ్ళాక, "పోయినవాళ్ళ పేరు పిలుస్తారేంటండీ? మాతో ఆటలా?" అని ఎగిరాను.

"రాలేదనేగా అంది మీ అమ్మ. అందులో అబద్ధం ఏముందమ్మా?" అన్నారావిడ. "బడికి రాని పిల్ల పేరు పిలవకపోతే, పక్కన కూర్చునే పిల్ల ఇంటి గంట కొట్టేదాకా తలుపు వైపే చూస్తుంది. పిలిస్తే అదే లేచి, రాలేదు టీచర్, జొరం అంటుంది. ఇంక పలక తీసుకుంటుంది. ముప్ఫై ఏళ్ళు చూశాను."

నేను నమ్మలేదు. కొన్నాళ్ళకు ఆవిడ పని మీద బాపట్లలో తమ్ముడి ఇంటికి వెళుతూ, హాజరు నన్ను పిలవమన్నారు. నాన్న పేరు దగ్గరికి వచ్చేసరికి మొండితనం అడ్డుపడి దాటేశాను. అమ్మ ఆ పూట ఒక్క కాయ వలవలేదు, గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. నేను టీ పోసి తెచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

బస్టాండులో దొరికింది. రేపల్లె బస్సు మెట్టు మీద నిలబడి కండక్టరును బతిమాలుతోంది. "బాబూ, లాకుల దగ్గర ఆపుతావా? ఆయన అన్నం తినకుండా వెళ్ళారు." దొరికిందన్న సంతోషం, భయం, కోపం అన్నీ కలిసి నేను అంతమందిలో అరిచాను. "నాన్న చచ్చిపోయాడమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అమ్మ ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చింది. కదలాల్సిన బస్సు ఆగిపోయింది. కాసేపటికి తలెత్తి నన్ను చూసి, "నువ్వెవరమ్మా? నీకెవరు చెప్పారు?" అంది.

తరువాతి గురువారం ఇదంతా టీచరుగారికి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ పట్టీ తెరిచి, నాన్న పేరుకెదురుగా నేను ఖాళీగా వదిలేసిన గడి చూపించి పెన్ను చేతిలో పెట్టారు. చుక్క పెట్టాను. "ఆ నిజం నువ్వు మోస్తూనే ఉన్నావు కదమ్మా. ఆవిడ చేత కూడా రోజూ మోయించాలా?" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా అమ్మ "ఆయనేరీ?" అంటే, "రాలేదమ్మా. ఎక్కడికెళ్ళారంటావు?" అని తిరిగి అడగడం మొదలుపెట్టాను. అమ్మ కాలవ గురించి, లాకుల గురించి, ఆయనకు ఇష్టమైన గోంగూర గురించి చెప్పేది. మా నాన్న గురించి నాకు తెలియని సంగతులు ఎన్నో అలాగే విన్నాను.

కిందటి నెల టీచరుగారు బాపట్లలో తమ్ముడి ఇంట్లో నిద్రలోనే పోయారు. మట్టి వేసి వచ్చాను. అయినా ఆ తరువాత మూడు గురువారాలు హాజరు పిలుస్తూ, ఎక్కడ గొడుగు చప్పుడైనా, ఎప్పుడూ గొడుగుతో వచ్చే ఆవిడేనేమోనని గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. పాత పట్టీలో ఆవిడ పేరు ఎక్కడా లేదు. పిలిచేది తానే కదా. మొన్న కొత్తపట్టీలో అందరి పేర్లూ, నాన్న పేరూ రాశాక, స్కేలు పెట్టి గీత కొట్టి, కింద ఆవిడ పేరు రాశాను.

ఒక్కొక్కరినీ పిలిచాను. నాన్న పేరుకు అమ్మ ఎప్పటిలాగే జవాబు చెప్పింది. ఆఖరికి "ఎస్తేరు టీచరుగారు" అన్నాను. అంకయ్యగారు వల పట్టుకుని నన్నే చూస్తున్నారు. అప్పుడు మా అమ్మ, నేను కూతురినని ఏడాదిగా గుర్తుపట్టని మా అమ్మ, లేచి నిలబడింది.

"రాలేదండి టీచరుగారూ. బాపట్ల వెళ్ళారు."

చుక్క పెట్టి పట్టీ మూశాను. ఆ పూట మళ్ళీ గుమ్మం వైపు చూడలేదు.