వేడినీటి గుండంలో తెలిసిన సంగతి

హిమాచల్ కొండల్లోని ఖీర్‌గంగ వెళ్దామన్నది ఉదయ్ భాస్కరే. "మేనేజర్ పోస్టు రాలేదని ఎన్నాళ్లు మొహం వేలాడేసుకుంటావు ఉమా? ఆ నేషనల్ పార్కులో గుడారాల్లో ఉందాం. మంచుకొండల మధ్య వేడినీళ్ల స్నానం! పాపకీ సరదాగా ఉంటుంది" అన్నాడు. భర్త తన దిగులు గమనించాడన్న సంతోషంతోనే ఉమాశ్రీకి సగం తేలికైంది.

కాకినాడ నుంచి వచ్చి, నిజాంపేట హాస్టల్లో ఉంటూ టెస్టింగ్ కోర్సు చేసి, హైటెక్ సిటీలో ఉద్యోగం సంపాదించుకున్న మనిషి ఆమె. ఉదయ్ పరిచయమైందీ ఆ ఆఫీసులోనే; అతనిది వేరే టీమ్. కూతురు రసజ్ఞ పుట్టాక కూడా పని వదల్లేదు. ఈసారి మేనేజర్ ఆమేనని టీమంతా అనుకుంది. కాలేదు. ఎందుకని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

ఆఫీసు స్నేహితురాలు శ్రీలత కుటుంబం కూడా ప్రయాణానికి తోడైంది. కొండదారిలో పిల్లల్ని బతిమాలుతూ, ఆయాసపడుతూ సాయంత్రానికి గుడారాలు చేరారు. సామాన్లు పడేసి, స్నేహితురాళ్లిద్దరూ ఆడవాళ్ల గుండానికి వెళ్లారు. నేలలోంచి ఉబికే నీళ్లు, గంధకం వాసన, ముఖాలు కనబడనంత ఆవిరి. ఉమాశ్రీ మెడదాకా మునిగి కళ్లు మూసుకుంది.

"ఒకటడుగుత, ఏమనుకోకు" అంది శ్రీలత. ఆమె పుట్టి పెరిగింది లింగంపల్లిలో. "గా పోస్టు ఎందుకు వద్దన్నవే?"

"నేనెప్పుడు వద్దన్నాను?"

"ఏంది, గట్లంటవ్? పాప చిన్నది, నువ్వు చెయ్యలేవని ఉదయన్ననే పార్థసారథి సార్‌కు చెప్పిండు కద! నేను పక్కనే ఉన్న. నువ్వే చెప్పమన్నవనుకున్న."

పార్థసారథి అంటే ఉమాశ్రీ పై అధికారి. ఆమె గుండంలోంచి లేచి బయటికొచ్చింది.

తడి జుట్టుతోనే గుడారం దగ్గరికి వెళ్లింది. రసజ్ఞను శ్రీలత వెంట పంపి, ఉదయ్‌ని నిలదీసింది. అతను బుకాయించలేదు.

"నీ మంచికే ఉమా. రోజూ పొద్దుపోయేదాకా కాల్స్. ఇల్లేమైపోతుంది?"

"నన్నొక్క మాట అడిగావా?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

ఆమెకు ఏడుపు రాలేదు. "పోస్టు పోతే పోయింది. నీ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను చూడు, అప్పుడు నా తల నిమురుతూ 'వాళ్లకి నీ విలువ తెలీదు' అన్నావే! ఆ మాటెలా వచ్చింది ఉదయ్, నీ నోటికి?"

ఆ రాత్రి ఆమె కూతురితో శ్రీలత గుడారంలో పడుకుంది.

హైదరాబాద్ చేరగానే పార్థసారథి గదికి వెళ్లింది. "మావారు చెప్పింది నా మాట కాదండి. ఇకమీదట నా సంగతి నన్నే అడగండి."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "మీకు తెలిసే చెప్పాడనుకున్నానమ్మా. ఇప్పుడు దివ్యకి ఇచ్చేశాం."

దివ్యకు పని నేర్పింది ఉమాశ్రీయే. ఆ అమ్మాయి మీద కోపం పెట్టుకోలేదు. ప్రాజెక్టు మార్పించుకుని, మరుసటి ఏడు అక్కడ మేనేజరైంది. ఉదయ్ ఎన్నోసార్లు క్షమించమన్నాడు. ఆమెకు ఆలస్యమైన రోజుల్లో అతనే వండి, పాపకు పెడుతున్నాడు. ఇద్దరూ మూసాపేటలో మెట్రో ఎక్కి ఆఫీసుకు కలిసే వెళ్తారు.

"ఇవాళ మీ టీమ్‌లో ఏంటి విశేషాలు?" అని అతను అడుగుతాడు. "ఏమీ లేవు" అంటుందామె.