రికార్డు గదిలో పూసిన ఆర్కిడ్

ఆ ఆఫీసులో పాత పటాలు, దస్తావేజులు దాచే గది నేలమాళిగలో ఉంది. కాగితం పాడవకూడదని ఏడాది పొడవునా ఏసీ నడుస్తుంది. సిరా వెలిసిపోకూడదని దీపాలు మసకగానే వెలుగుతాయి. ఎండాకాలంలోనూ శాలువా కప్పుకుని కూర్చునే అక్కడి గుమాస్తాను అందరూ శాలువా అక్క అనేవారు. పంతొమ్మిదేళ్లుగా అదే గది. ఏ పటం ఏ అరలో ఉందో కళ్లకు గంతలు కట్టినా చెప్పగలదు. అయినా పై అంతస్తుల వాళ్లకు ఆవిడ గుర్తొచ్చేది కాగితం కావలసినప్పుడే.

ఒకసారి పై హాల్లో ఎవరిదో వీడ్కోలు సభ జరిగింది. అక్కడ అలంకరణకు పెట్టిన ఆర్కిడ్ కుండీ రెండు నెలల తర్వాత ఒక పొద్దున చెత్తబుట్ట పక్కన కనిపించింది. పూలు రాలి, కాడ ఎండి, మూడు ఆకులు మాత్రం వేలాడుతున్నాయి. శాలువా అక్క దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది.

"పోయిన మొక్కకి వైద్యమెందుకక్కా?" అన్నాడు లిఫ్టు నడిపే అతను.

"ఆకు పచ్చగానే ఉంది కదయ్యా. ప్రాణం ఎక్కడికీ పోలేదు."

ప్రేమ ఎక్కువై రోజూ నీళ్లు పోసింది. నెల తిరిగేసరికి వేళ్లు సగం కుళ్లాయి. నర్సరీకి పరుగెత్తింది. నర్సరీ ఆయన కుళ్లినవి కత్తిరించి, చెక్కపెచ్చులు నింపిన పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో నాటి, "ఇందులోంచి వేళ్లు కనిపిస్తాయమ్మా. అవి తెల్లబడ్డాకే నీళ్లు. పచ్చగా ఉంటే దాని జోలికే పోవద్దు" అన్నాడు. ఎక్కడ పెంచుతుందో విని నవ్వేశాడు. "ఆ చీకటి గుయ్యారంలోనా? ఆకులేస్తుందేమో గానీ పూయదు. కావాలంటే రాసిస్తాను."

ఆ మాట ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆదివారమంతా కూర్చుని చిన్న ఎల్ఈడీ దీపానికి అట్టతో గొడుగు చేశాడు. వెలుగు మొక్క మీదే పడుతుంది, పటాల వైపు ఇసుమంత కూడా పోదు.

సంగతి పెద్ద మేడమ్ చెవిన పడింది. "కాగితాల గదిలో నీళ్ల కుండీ ఏంటండీ? తీసేయండి."

"బయట కుళాయి దగ్గర తడిపి, బొట్టు కారడం ఆగాకే లోపలికి తెస్తానండి. నా బల్ల తలుపు పక్కనే. గోడకున్న మీటర్లో తేమ ఒక్క గీత పెరిగినా ఆ రోజే తీసేస్తాను."

నెల్లాళ్లు మేడమ్ మనిషిని పంపి మీటరు పరీక్ష చేయించింది. ముల్లు కదల్లేదు. ఇక ఆవిడ ఆ ఊసెత్తలేదు.

రెండేళ్లు ఆకులే. అక్కను చూసి నవ్వినవాళ్లు నవ్వి నవ్వి అలిసిపోయారు. మూడో ఏడు ఆకు మొదట్లోంచి పచ్చటి మొన ఒకటి తొంగిచూసింది. వేరనుకుంది. వారానికి అది పైకి తిరిగింది. పూలకాడ! శాలువా జారిపోయినా గమనించకుండా అలా నిలబడిపోయింది. మరో మూడు నెలలకు ఒక్కొక్కటే విచ్చుకుని ఎనిమిది తెల్లని పూలు వరస కట్టాయి.

ఆ వారమే బయటి నుంచి పెద్ద అధికారులు వస్తున్నారు. "కుండీని పైకి పంపండి, రిసెప్షన్లో పెడదాం" అని మేడమ్ ఫోన్ చేసింది.

"పైన వేడికి పూలు వాడిపోతాయండి. చూడాలనుకుంటే వాళ్లనే కిందికి తీసుకురండి."

"సరే, వస్తాం" అంది మేడమ్.

వచ్చారు. మెట్ల మీద కూడా జనమే. పూలు చూశారు, ఆ పైన అరలన్నీ తిరిగి పటాలూ చూశారు. "ఇంత చల్లటి గదిలో ఎలా పూసింది?" అని ఒకాయన అడిగితే మేడమ్ పక్కకు జరిగి, "పెంచింది ఈవిడ. ఈవిడే చెప్పాలి" అంది. అక్క ఎక్కడా తడబడలేదు. వెలుగు గురించి, వేళ్ల రంగు గురించి, కాడ రావడానికి పనికొచ్చిన ఆ చల్లదనం గురించి అరగంట చెప్పింది. వాళ్లు నోట్సు రాసుకున్నారు.

సాయంత్రం భర్త నడిపే బస్సే ఎక్కి, జరిగింది చెప్పింది. విన్నాడో లేదో, ఆయన కండక్టరుతో బస్సంతా వినపడేలా, "మా ఆవిడ దగ్గర ఇవాళ పెద్దాఫీసర్లు పాఠం చెప్పించుకున్నారోయ్!" అన్నాడు.

"ఊరుకోండి, నలుగురూ వింటారు" అంది అక్క. వినాలనే, ముందు సీట్లో నిటారుగా కూర్చుంది.