మామగారి ఆకుమడికి నీళ్ళు

ఆ రోజుల్లో, అంటే గోదావరి కాలవలు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, చేతికో మర దొరికితే చాలు, గోదావరంతా మన మాట వింటుందనుకునే వయసు నాది. పాలకొల్లు దిగువన ఒక పిల్లకాలవ తూము దగ్గర ఉద్యోగం. మర తిప్పి తలుపు ఎత్తడం, దించడం నా పని. ఆ కాలవ చిట్టచివర నాకు పిల్లనివ్వాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న పెద్దమనిషి వరినారు పోసిన ఆకుమడి ఉంది. "నీళ్ళు మీ చేతిలో ఉన్నాయటగా అబ్బాయిగారూ! మా ఆకు నిలబెట్టండి చూద్దాం. తాంబూలాల మాట తర్వాతండి" అన్నారాయన. నిలబెట్టి తీరాలనుకున్నాను.

పొద్దున్నే తలుపు కాస్త ఎత్తాను. మధ్యాహ్నానికి ఆయన పాలేరు గట్టు వెంట చెమటలు కక్కుతూ వచ్చాడు. "చుక్క రాలేదండి. అయ్యగారు మండిపడతన్నారండి." పౌరుషం వచ్చి తలుపు పూర్తిగా ఎత్తేశాను. మర్నాడు మళ్ళీ అతనే. "మడి మునిగిపోయిందండి! ఆకు తేలిపోతందండి!" గట్టిగా మూసేశాను. ఆ మర్నాడు, "మడి ఆరిపోయిందండి, ఆకు వాడిపోతందండి!" మళ్ళీ బార్లా తెరిచాను. ఈ కాలవకి నామీద పగ ఉందని నమ్మకం కుదిరింది. (నామీద నాకు అనుమానం మాత్రం రాలేదు.)

పాలేరు వెనుదిరిగాడు. నేను అన్నం తిని విస్తరాకు విసురుగా కాలవలోకి గిరాటేశాను. అది తాపీగా బయల్దేరింది. గట్టు మీద పాలేరు దాన్ని దాటుకుని చకచకా వెళ్ళిపోయాడు. నోరు తెరుచుకుని చూశాను. నేను వదిలిన నీళ్ళు ఇంకా దారిలో ఉండగానే, రాలేదన్న కబురు నడిచి వచ్చేస్తోంది! ఆ కబురు విని నేను మర తిప్పేస్తున్నాను!

తలుపు కొద్దిగా మాత్రం తెరిచి ఉంచి, మర తిప్పే ఇనుప పిడి ఊడదీసి భుజాన వేసుకుని, ఆ విస్తరాకు వెంటే నడిచాను. అది ఎక్కడ ఆగితే అక్కడ నేనూ ఆగాను. తుంగలో చిక్కుకుంటే కర్రతో విడిపించాను. పొద్దు వాలేవేళకి మేమిద్దరం మడి చేరాం.

"ఆ ఇనుప ముక్క ఏంటండి?" అన్నారాయన.

"మీ కబురు మళ్ళీ వచ్చినా తిప్పకుండా ఉండటానికండి."

ఆయన పగలబడి నవ్వారు. మడిలో ఆకు సగం పోయింది. మిగిలింది మాత్రం నిలబడింది, తాంబూలాలూ పుచ్చుకున్నాం.

ఇప్పటికీ పులుసులో వేసిన ఉప్పు కరగకముందే చాలలేదని జాడీ కోసం చెయ్యి చాపుతూనే ఉంటాను. మా ఆవిడ జాడీ వెనక్కి లాక్కుని, "కాస్త ఆగండి, విస్తరాకు ఇంకా మా ఊరు చేరలేదు" అంటుంది. భుజాన పిడితో గట్టు వెంట నడిచిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, నవ్వుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంటాను.