దాపటి ఎద్దుగా ఒక పూట

మా నాయన నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకున్న మనిషి కాదు. ఇది ఫిర్యాదు కాదు, ఉన్న మాట చెబుతున్నాను. పదో తరగతి పాసయ్యానని పరుగెత్తుకొస్తే, సరే పోయి గడ్డి కోసుకురా అన్నాడు. పెళ్లిపీటల మీద కూర్చుంటే, పంచె సరిగ్గా కట్టుకోమన్నాడు. అదే మనిషి ఏడాదికోసారి, పోలా పండగ ముందు రోజు సాయంత్రం, నెయ్యిలో పసుపు కలిపి ఎద్దుల మెడలకు రుద్దుతూ ఎంత మెత్తగా మాట్లాడేవాడో! ఏడాదంతా కాడి ఒరుసుకుని మొద్దుబారిన చోట బొటనవేలితో నొక్కి నొక్కి రుద్దేవాడు. ఆ తర్వాత చెవి దగ్గరికి వంగి అనేవాడు.

"ఈ యేడంత నిన్ను మస్తు కష్టపెట్టిన. మనసుల పెట్టుకోకు, బిడ్డా."

చిన్నప్పుడు కొట్టం గుమ్మంలో నిలబడి ఈ మాట వింటూ ఎద్దుల మీద అసూయ పడేవాణ్ని. దాచడం దేనికి, నలభై దాటాక కూడా పడ్డాను.

మాది బీదర్ జిల్లాలో మన్నళ్ళి దాటాక వాగు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. తాతముత్తాతల నాటి నుంచి అక్కడే సేద్యం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో ఎదుటివాడు ఏది మాట్లాడితే అది. నేను పొద్దున బండి మీద బీదర్‌కు పోయి, గాంధీ గంజ్‌లో ఒక కందుల దుకాణంలో తూకం దగ్గర నిలబడతాను. సాయంత్రం వచ్చి పొలం చూసుకుంటాను. నాయన లెక్కలో ఇవి రెండు పనులు కావు, రెండు సగం పనులు.

ఆ ఏడు ఎండాకాలమంతా ఇంట్లో ఒకటే పంచాయితీ. ఊరంతా ట్రాక్టర్‌తో దున్నిస్తుంటే మనకీ ముసలి ఎద్దులెందుకు, అమ్మేద్దాం అని నేను. నాయన వింటూనే లేచి వెళ్లి ఎద్దులకు కుడితి పెట్టేవాడు. అదే జవాబని అర్థం చేసుకోవాలి.

ఎద్దుల సంగతి కొంచెం చెప్పాలి. జోడీలో ఎడమ పక్క నడిచేది దాపటి ఎద్దు, కుడి పక్కది వలపటి ఎద్దు. ఏ పక్క అలవాటైతే బతికినన్నాళ్లూ అదే పక్క. మా వలపటిదానికి ఈ పిచ్చి మరీ ఎక్కువ. నీళ్లకైనా, మేతకైనా తన ఎడమ పక్కన జోడు లేకపోతే బెదిరిపోయి ఉన్నచోటే పాతుకుపోయేది. ఒకసారి దాపటిదానికి కాలు బెణికి వారం రోజులు కొట్టంలో ఉంటే, ఇదీ వారం రోజులు కొట్టంలోనే ఉంది. మా ఆవిడ దాన్ని చూపించి, సంసారమంటే అట్లుండాలని నాకు బుద్ధి చెప్పింది.

ఇక పోలా. శ్రావణం పోయే అమావాస్య నాడు ఎద్దులకు చేసే పండగ. మా ఇంట్లో దానికి రెండు కట్టుబాట్లున్నాయి. ఒకటి, ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టకూడదు. రెండు, పాత ముక్కుతాళ్లు తీసేసి, వాగులో స్నానం చేయించి, కొత్త తాళ్లు వేయాలి. కొత్త తాళ్లు గంజ్ నుంచి తేవడం నా వంతు. నాయన మూడుసార్లు గుర్తు చేశాడు. ముందు రోజు సాయంత్రం నేను కొమ్ములకు రంగు తెచ్చాను, గొండెలు తెచ్చాను, గజ్జెలు తెచ్చాను, అమ్మ అడగకపోయినా అగరొత్తులు తెచ్చాను. తాళ్లు తేలేదు. నాయన సంచీని మంచం మీద బోర్లించి వెతికాడు. లేవని తెలిసి కూడా పక్కన కూర్చుని నేనూ వెతికాను.

మర్నాడు తెల్లవారగానే బండి తీశాను. పండగ పూట తాళ్ల దుకాణాయన తీరిగ్గా తలుపు తీసేసరికి పొద్దెక్కింది. ఇంటి దగ్గర నాయన ఆగాడా? ఆయన ఆగితే మా ఊళ్లో పొద్దు పొడవదు. పాత తాళ్లు కోసిపడేసి, ఉత్త ముక్కులతో రెండిట్నీ వాగుకు తోలుకుపోయాడు. స్నానం అయ్యాక కోస్తే ఏం పోయేది, చెప్పండి! అమ్మ ఇదే అడిగితే, కొడుకు తెస్తడు గదా అనుకున్న అన్నాడట. మళ్లీ తప్పు నా దగ్గరికే వచ్చింది.

వాగు నడుమ ఒక దిబ్బ ఉంది. దాని మీద గడ్డి బాగుంటుందని, ఎద్దుల్ని కడిగాక కాసేపు అక్కడ మేపడం అందరికీ అలవాటే. ఆ రోజు మా ఊళ్లో చినుకు లేదు. ఎగువన మాత్రం రాత్రంతా దంచిందట, మాకేం తెలుసు. నాయన దాపటిదాని మెడ పట్టుకుని ముందుగా ఒడ్డుకు నడిపించాడు. వలపటిది వెనకే దిగబోయింది. అంతలో ఎర్రనీళ్లు వచ్చేశాయి. మోకాలి లోతు వాగు చూస్తుండగానే నడుము లోతయింది. ఎద్దు బెదిరి మళ్లీ దిబ్బ ఎక్కేసింది.

బండి హ్యాండిల్‌కు కొత్త తాళ్లు వేలాడేసుకుని నేను వచ్చేసరికి సగం ఊరు ఒడ్డున ఉంది. డెబ్బై దాటిన నాయన నీళ్లలోకి దిగబోతే ఇద్దరు చెరో రెక్క పట్టుకుని ఆపుతున్నారు. నన్ను చూశాడు. తర్వాత తాళ్ల వైపు చూశాడు. మళ్లీ ఎద్దు వైపు తిరిగాడు. నలుగురిలో బండబూతులు తిట్టినా నాకు అంత బాధ అనిపించేది కాదు. దిబ్బ అప్పటికే మా కొట్టమంత మిగిలింది. ఎద్దు దాని మధ్యలో నిలబడి, ఉండుండి మెడ ఎడమకు తిప్పి చూస్తోంది.

మా పక్క పొలం ఆయన్ని నేను మామా అంటాను. చుట్టరికం లేదు, ఆయన ఇంట్లో మాట్లాడేది కన్నడం. ఆయన గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబు తెచ్చాడు, పొడుగాటి మోకు తెచ్చి ఒక కొస ఒడ్డు మీది తుమ్మచెట్టుకు కట్టాడు. ఆ మోకు పట్టుకుని, ట్యూబు మీద వేలాడుతూ ఇద్దరం దిబ్బకు చేరాం. నడుమ ఒకచోట కాళ్లకు నేల అందలేదు. ఆ సంగతి నేను మామకు చెప్పలేదు, ఆయనా నాకు చెప్పలేదు.

ఇక మొదలైంది మా అవస్థ. మెడకు తాడేసి లాగాం. కదల్లేదు. వెనక నుంచి నెట్టాం. నాలుగు కాళ్లూ బిగించింది. కొత్త ముక్కుతాడు ఎక్కిద్దామని చూస్తే ఒక్క విదిలింపుతో మామను బురదలో కూర్చోబెట్టింది. ముక్కున తాడు లేని ఎద్దును ఎక్కడ పట్టుకోవాలి? ఆ పని చేయగలిగింది నాయన ఒక్కడే, ఆయన అవతల ఒడ్డున ఉన్నాడు. మామ కన్నడంలో బతిమాలాడు, ఉర్దూలో బతిమాలాడు. నేను తెలుగులో నోటికొచ్చినట్టు తిట్టాను. నీళ్లు మా పాదాల మీదికి వచ్చేశాయి.

అప్పుడు నాయన అరిచాడు.

"దాని దాపట ఎవడు లేడుర! అదెట్ల వస్తది?"

సరే, నేను పోయి ఎడమ పక్కన నిలబడ్డాను. ఎద్దు నన్ను కిందికీ మీదికీ చూసి మొహం తిప్పేసుకుంది. నవ్వకండి, అక్కడున్న నాకు ఏడుపొచ్చింది. నాయన ఒడ్డు పక్కనే మా పొలంలో విప్పి ఉంచిన ఎడ్లబండి నుంచి కాడి ఊడదీయించాడు. మామ మళ్లీ మోకు పట్టుకుని పోయి, ఆ కాడిని ట్యూబుకు కట్టి, ఈడ్చుకుంటూ తెచ్చాడు. వెనక నుంచి నాయన గొంతు వినిపిస్తూనే ఉంది.

"కాడి నీ మెడ మీద ఏసుకో! దాని మెడ మీద మాత్రం పెట్టకు. ఇయ్యాల పోలా!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక్కడ ప్రాణాల మీదికి వస్తుంటే ఈయనకు కట్టుబాటు కావాలి! ఎద్దు బతికితే కదా పోలా! గట్టిగానే ఏదో అన్నాను, అదృష్టం కొద్దీ నీళ్ల హోరులో ఆయనకు వినపడలేదు. అయినా చెప్పినట్టే చేశాను. ఎడమ కొస నా మెడ మీద వేసుకుని వంగి నిలబడ్డాను. కుడి కొసను మామ చేతులతో గాల్లో ఎత్తి పట్టుకున్నాడు, తాకీ తాకకుండా.

ఎద్దు చూసింది. ఒకసారి కాడిని వాసన చూసింది. ఆ తర్వాత, రోజూ పొద్దున నాయన కాడి ఎత్తితే ఎట్లా చేస్తుందో అట్లాగే, తల దించి, తానే మెడను కాడి కిందికి తెచ్చి నిలబడింది. మామ చేతులు వదిలేశాడు. ఆయనా నేనూ మొహాలు చూసుకున్నాం. ఇప్పుడు దాన్ని తీసేంత ధైర్యం మా ఇద్దరికీ లేదు.

నేను అడుగేశాను. అదీ అడుగేసింది.

నీళ్ల తోపు నా వైపు నుంచే వస్తోంది. ప్రతి అడుగుకూ అది నన్ను ఎద్దు డొక్కలకు గుద్దేస్తోంది. ఎద్దు మాత్రం పక్కకు ఒరగలేదు, దుక్కిలో నడిచినట్టే తిన్నగా నడిచింది. మామ ట్యూబు మీద మా వెనకే ఉన్నాడు. లోతు దగ్గర కాళ్లు తేలిపోగానే కాడి పైకి లేచి మా ఇద్దరి మెడల నుంచీ జారిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. చెయ్యి చాచితే దాని మూపురం దొరికింది, గట్టిగా పట్టుకున్నాను. కాడి లేదు, తాడు లేదు, అయినా అది వెనక్కి తిరగలేదు. ఎడమ పక్కన నేనున్నాను కదా! ముక్కులు పైకెత్తి బుసలు కొడుతూ ఈదుతోంది, ఆ ఊపిరి వేడి నా చెంపకు తగులుతోంది. వేసవి అంతా దీన్ని అమ్మేద్దామని అరిచినవాణ్ని నేనే. నాకు చాలా సిగ్గేసింది. ఆ నీళ్లలోనే దానికి ఆ మాట చెప్పాను కూడా.

ఒడ్డు మీద దాపటిది ఒక్క రంకె వేసింది. ఇది జవాబిచ్చి, కాళ్లకు నేల అందగానే నన్ను బురదలో వదిలేసి ఉరికింది. అసలు దాపటివాడు కనిపించాక బదిలీవాడితో ఏం పని! నాయన నేరుగా ఎద్దు దగ్గరికి పోయాడు. కాళ్లు తడిమాడు, గిట్టలు చూశాడు, చెవులు తుడిచాడు. దాని మొహానికి తన మొహం ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. నేను చొక్కా పిండుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి ఆయనకు కాడి గుర్తొచ్చింది. తన తండ్రి చేయించిన కాడి అది, ఎప్పుడో మలుపు దాటి పోయింది. ఇప్పుడు తిడతాడు అనుకున్నాను. కానీ ఆయన అడిగింది వేరే సంగతి, పండగ నాడు దాని మెడ మీద కాడి పెట్టారా లేదా అని. నేను నోరు తెరిచేలోపు మామ ముందుకొచ్చాడు. మేము పెట్టలేదనీ, ఎద్దే పెట్టుకుందనీ, కావాలంటే మైలారం దేవుడి మీద ప్రమాణం చేస్తాననీ అన్నాడు. నాయన కాసేపు ఆలోచించి, అది దాని ఇష్టం మరి అన్నాడు. అంతటితో కట్టుబాటు గట్టెక్కింది.

మధ్యాహ్నం పండగ మామూలుగానే జరిగింది. కొత్త తాళ్లు ఎక్కాయి, కొమ్ములకు రంగు పడింది, గజ్జెలు మోగాయి. ఎద్దులకు పూర్ణం పోలెలు పెట్టాక, మా ఆవిడ మూడో విస్తరి తెచ్చి కొట్టం గుమ్మంలో వేసి నన్ను పిలిచింది. నా మెడలో ఒక ఎర్ర గొండె కూడా వేసింది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. మామ అయితే ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నన్ను పేరు పెట్టి పిలవలేదు, దాపటోడు అనే పిలుస్తాడు. పోలెలు మాత్రం నాలుగు తిన్నాను. ఆ పూట నా అంత కష్టపడ్డ ఎద్దు ఊళ్లో ఇంకోటి లేదు.

సాయంత్రం మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాను. కాడి ఒరుసుకున్నచోట మెడ వాచి మండుతోంది. నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో గిన్నె ఉంది, ముందు రోజు ఎద్దులకు కలపగా మిగిలిన నెయ్యీ పసుపూ. దీపం పెట్టే వేళకు పడుకోకూడదని అంటాడేమో అని లేవబోయాను. అరచేత్తో వీపు మీద నొక్కి పడుకోబెట్టాడు. గిన్నెలో వేలు ముంచి, వాచినచోట బొటనవేలితో మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు.

"నిన్ను మస్తు కష్టపెట్టిన. మనసుల పెట్టుకోకు, బిడ్డా."

నేను తల ఎత్తలేదు. దిండు తడిసింది, ఆయన చూశాడో లేదో నాకు తెలియదు. చేతికి మిగిలిన నెయ్యి పంచెకు తుడుచుకుని లేచి, గుమ్మం దాకా పోయి ఆగాడు.

"వచ్చే యేటికి తాళ్లు ముందుగాల తే" అన్నాడు.

తెస్తానని చెప్పాను. మరుసటి వారమే తెచ్చి కొట్టంలో మేకుకు తగిలించాను.