పిన్నికి సాయంత్రాలు కనపడని వేసవి

మా చిన్నప్పుడు మండపేటలో పొద్దు వాలితే చాలు... మిల్లుల్లో ఉడుకుతున్న ధాన్యం వాసన వీధులన్నీ కమ్మేసేది. అమ్మమ్మగారి పెరట్లో నులకమంచం మీద కూర్చుని, ఆకాశం నారింజరంగులోంచి ఊదారంగులోకి జారిపోవడం చూస్తూ ఉండేదాన్ని...

ఆ వేసవి సెలవుల్లో నా పక్కన సుజాత పిన్ని కూడా ఉండేది. మా అమ్మ చెల్లెలు. పురిటికొచ్చి పాపని కని, ఇంకా పుట్టింట్లోనే ఉంది. సాంబ్రాణి, పసుపు, పాల వాసన... పిన్ని పక్కన కూర్చుంటే చాలు, నాకు నిద్ర ముంచుకొచ్చేసేది.

ఒకరోజు అలాగే కూర్చున్నాం. కొబ్బరాకుల సందుల్లోంచి ఇంకా వెలుతురు పడుతూనే ఉంది.

"ఇంత చీకటి పడితే లైటు వెయ్యలేదేంటే బుజ్జీ?" అంది పిన్ని.

ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను. పిన్ని నవ్వలేదు. చెయ్యి చాచి నా భుజం కోసం గాలిలో వెతికింది...

"అమ్మమ్మకి చెప్పకే. కంగారు పడుతుంది."

అప్పట్నుంచి సాయంత్రమైతే పిన్నిని చెయ్యి పట్టుకుని నేనే నడిపించేదాన్ని. నూతి దగ్గరికి, వంటింట్లోకి, మళ్లీ మంచం దగ్గరికి... ఏదో ఆటలే అనుకునేవారు చూసినవాళ్లు. నాకూ అది ఆటలాగే ఉండేది. కలలో నడుస్తున్నట్టు...

పిన్ని తిండి సంగతి చెప్పాలి. బాలింత పథ్యం విషయంలో అమ్మమ్మ ఎవరి మాటా వినేది కాదు. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, పైన ఒక్క చుక్క నెయ్యి. అంతే. ఆకుకూర వాతం, గుమ్మడికాయ చలవ, గుడ్డు వేడి, పప్పు తింటే పాపకి కడుపునొప్పి... మంచినీళ్లు కూడా గొంతు తడుపుకోడానికే. మేమంతా చేపల పులుసు కలుపుకుంటుంటే పిన్ని తలొంచుకుని ఆ తెల్లన్నమే తినేది. నెలలు గడిచినా పథ్యం సడల్లేదు.

ఒక సాయంత్రం నేను వీధిలో ఆడుకుంటుంటే లోపల్నుంచి అమ్మమ్మ కేక వినపడింది. పరిగెత్తుకెళ్లాను. గడప కనపడక పిన్ని తట్టుకుని పడిపోయింది. పాపని గుండెకి అదుముకుని మోచేతుల మీద పడింది. పాపకేం కాలేదు గానీ పిన్ని మోచేతులు రెండూ చీరుకుపోయాయి.

"కళ్లేమయ్యాయే సుజా?" అంది అమ్మమ్మ, పాపని అందుకుంటూ.

"సాయంత్రమైతే కనపడట్లేదమ్మా..."

మర్నాడే డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లాం. నేనూ వెంటపడ్డాను. ఆవిడ పిన్ని కంటిరెప్ప కిందికి లాగి చూశారు.

"రేచీకటండీ. రక్తం కూడా తక్కువే ఉంది. ఏం పెడుతున్నారు మామ్మగారూ?"

అమ్మమ్మ చెప్పింది. డాక్టరమ్మగారు కోప్పడలేదు.

"అన్నం బలమే, కాదనను. కానీ అన్నం ఒక్కటే ఒంటికి కావల్సినవన్నీ ఇవ్వలేదండి. కళ్లకి విటమిన్ ఎ కావాలి... ఆకుకూరల్లో, గుమ్మడికాయలో, గుడ్డులో ఉంటుంది. రక్తానికి ఐరన్ కావాలి. కండకి పప్పు, చేప. ఎముకకి పాలు. పాలిచ్చే తల్లికి నీళ్లయితే అందరికంటే ఎక్కువ కావాలి. మందు నేనిస్తాను. మిగతాది మీ వంటింట్లోంచే రావాలండి."

అమ్మమ్మ కొంగు చివర మెలిపెట్టింది.

"నా మొదటి బిడ్డ మగపిల్లాడండి" అంది. "బాలింతరాలిగా ఉన్నప్పుడు ఆశపడి గుమ్మడికాయ పులుసు తిన్నాను. ఆ వెంటనే పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి... దక్కలేదు. నీ నాలుకే వాణ్ణి తినేసింది అన్నారు మా అత్తగారు."

పిన్ని తెల్లబోయి చూసింది. కన్నకూతురికి కూడా ఆ సంగతి తెలీదు.

డాక్టరమ్మగారు కుర్చీలోంచి లేచొచ్చి అమ్మమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నారు.

"ఆ పులుసు వల్ల కాదండి మామ్మగారూ. ఏ నీళ్ల వల్లో, ఏ ఈగల వల్లో వచ్చిన జబ్బు. ఆ రోజుల్లో ఎంతమంది పసివాళ్లు అలా పోయారో... మీరు తిన్నది మీ బిడ్డనేం చెయ్యలేదు."

అమ్మమ్మ ఏడవడం నేను చూడ్డం అదే మొదటిసారి. చప్పుడే లేదు. కళ్లు అలా కారిపోతూనే ఉన్నాయి...

ఆ మర్నాడు పొద్దున్నే వీధిలోకొచ్చిన పొన్నగంటికూర కట్టలు కొని, పెసరపప్పు వేసి, తాలింపు పెట్టి వండింది. పక్కన ఉడికించిన గుడ్డు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని పిన్ని కళ్లు మూసుకుంది. అమ్మమ్మ మాత్రం ఆ రోజంతా ఉయ్యాల వదల్లేదు. పాప ఒళ్లు ముట్టుకుని చూడ్డం, పొట్ట తడిమి చూడ్డం... పాప హాయిగా కాళ్లాడిస్తూ ఆవిణ్ణే చూస్తోంది.

తర్వాత్తర్వాత మునగాకు వచ్చింది, చిన్నచేపలు వచ్చాయి, బొప్పాయి వచ్చింది. ఆఖర్న గుమ్మడికాయ పులుసూ వచ్చింది. పిన్నికి వడ్డించి, ఓ క్షణం ఆగి, అమ్మమ్మ తన కంచంలోనూ కాస్త వేసుకుంది... ఎన్నేళ్లకో!

నా సెలవులు అయిపోవచ్చాయి. పెరట్లో కూర్చునుంటే పిన్ని ఉన్నట్టుండి తలెత్తింది.

"ఎన్ని కొంగలే బుజ్జీ... చేలమీంచి ఎలా పోతున్నాయో చూడు!"

నేను కొంగల్ని చూడలేదు. పిన్ని మొహమే చూశాను. వెలుతురు తగ్గిపోతోంది... తను మాత్రం ఒక్కొక్క కొంగనీ వేలితో పాపకి చూపిస్తోంది. చూపించి, లేచి, గడప దాటుకుని తనంతట తనే లోపలికెళ్లింది. ఎంత సంతోషమేసిందో... అయినా ఎందుకో నా చెయ్యి కాసేపు ఖాళీగా అనిపించింది.

ఇప్పుడు ఏ డబ్బా చూసినా అందులో ఏ విటమిన్ ఎంతుందో రాసే ఉంటుంది. ఆస్పత్రి గుమ్మం దాటకముందే బాలింత చేతిలో డైట్ చార్ట్ పెడుతున్నారు. మంచిదే... చాలా మంచిది. కానీ ఎదురుగా కూర్చుని, మనం తినే ముద్ద ఒంటికి పడుతోందా లేదా అని కళ్లప్పగించి చూసే మనుషులే తగ్గిపోయారు.

మీ ఇళ్లలో బాలింతలకి ఏం పెట్టేవారు? ఏం వద్దనేవారు? కామెంట్లలో చెప్పండి... వద్దన్న పెద్దవాళ్లు ఇంకా మీతో ఉంటే, ఎందుకు వద్దన్నారో ఓసారి పక్కన కూర్చుని అడగండి. మా అమ్మమ్మని అన్నేళ్లూ ఎవరూ అడగనే లేదు...