నిజ్వా అంగడిలో అమ్మమ్మ తిమింగిలం

ఆ షాపువాడి మీద కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఒమాన్‌లోని నిజ్వా వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. మస్కట్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రి దగ్గర చిన్న హాల్లో క్లారా తీసిన సినిమా చూశాను. ఆమెది కెనడా పడమటి తీరపు దీవుల్లో ఉండే హైడా జాతి. వాళ్ల అమ్మమ్మ వెండి కడియం మీద తిమింగిలాన్ని చెక్కడమే ఆ సినిమా అంతా. అమ్మమ్మ పోయాక ఇంట్లో చెక్కేవాళ్లు లేక, క్లారా కెమెరా పక్కన పెట్టి తనే ఉలి పట్టిందట. ఇప్పుడు నగలు చేస్తుంది, ప్రదర్శనకని మస్కట్ వచ్చింది. ఒమానీ వెండిపని చూడాలని ఉందంటే, నా సెలవు రోజున తీసుకెళ్తానన్నాను.

శుక్రవారం తెల్లవారుతూనే మస్కట్‌లోని రువి నుంచి బయల్దేరాం. కారు, డ్రైవరు కలిపి ముప్పై రియాళ్లు. డ్రైవరు ఓబులేసుది కడప. రుసైల్ దాటాక రోడ్డు ఖాళీ, రెండు గంటల్లోపే నిజ్వా. మేకల సంత చూసి, కోట పక్కన పరాటా తిని కరక్ టీ తాగి, వెండి అంగళ్లలోకి వెళ్లాం.

ఒక షాపు అద్దం ముందు క్లారా ఆగిపోయింది. లోపల కడియం, దాని మీద తిమింగిలం.

"పాత బెదూయిన్ డిజైన్ మేడమ్, చేతిపని," అన్నాడు షాపువాడు హిందీలో. ఎడారిలో ఒంటెలు కాసుకునేవాళ్లకు తిమింగిలం ఎక్కడ ఎదురొచ్చిందో!

క్లారా కడియం తీసుకుని రెక్క దగ్గర వంకర గీత చూపించింది. "ఇక్కడ అమ్మమ్మ ఉలి జారింది. జారగానే నవ్వింది." సినిమాలో ఆ నవ్వు నాకూ గుర్తే. బొమ్మను అందులోంచి ఎత్తుకుని పోత పోసిన మహానుభావుడు, జారిన గీతను కూడా వదల్లేదు.

"ఆయమ్మ ఎందుకక్కా అట్ల నిలబడిపాయె?" అన్నాడు ఓబులేసు. ఆ బొమ్మ వాళ్లకు తల్లి వైపు నుంచి వచ్చే వంశం గుర్తని, వాళ్లు ఒప్పుకోకుండా పరాయివాళ్లు వాడకూడదని చెప్పాను.

"మన పుస్తెల మాదిరే గదక్కా. ఎవురింటివి వాళ్లవే. ఏ ఇంటోళ్లో అడగందే కంసలాయప్ప గూడా చెయ్యడే! ఈయప్ప అద్దంలో పెట్టి అమ్ముతాండాడా?"

నా చెయ్యి మెడలో పావురం బొమ్మ ఉన్న మా క్రైస్తవుల పుస్తెల మీదికి పోయింది. కడియం తీసెయ్యమని గట్టిగానే అడిగాను.

"గీత పడిందనేగా మేడమ్? ఐదు రియాళ్లు తగ్గిస్తా."

ఒళ్లు మండిపోయింది. దొంగసొత్తుకు డిస్కౌంటా!

"కొంటే ఇంకోటి పోస్తారు. అద్దంలోంచి తీస్తే చాలు," అంది క్లారా. వాడు గొణుక్కుంటూ సొరుగులో పెట్టాడు. పైగా ఆమె వాడికి థాంక్స్ చెప్పింది. కోట గుమ్మం దాకా వెళ్లాక, షాపులో మరిచిపోయిన గొడుగు కోసం నేనొక్కదాన్నే వెనక్కి వచ్చాను. కడియం మళ్లీ అద్దంలో ఉంది.

క్లారాకు ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చేతిపని అంటే మనందరికీ మోజే, ఆ చెయ్యి ఎవరిదని మాత్రం అడగం. శుక్రవారం నమాజు వేళకు అంగళ్లు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. కోట వైపు నుంచి వస్తుంటే కుడిచేతి పక్క ఆ షాపు. అద్దంలో తిమింగిలం కనిపిస్తే, అది క్లారా వాళ్ల అమ్మమ్మదని వాడికి చెప్పండి. రోజుకొకరు చెబితే, విసుక్కునైనా తీస్తాడు.